ఇంకో తూరి నడుపు

బ్యాంకులో పాతకాలం ప్రింటరు కిర్రుమంటే నేనిప్పటికీ పక్కకు తిరిగి చూస్తాను. తమిళనాడులో మా కోవిల్‌పట్టి కాలేజీ ల్యాబులో ఆ చప్పుడు పక్కనే కనకవల్లి మేడమ్ నిలబడి ఉండేవారు. తొంభైల చివర్లో నా చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమే గైడు. అందరి ముందూ తమిళం. మేమిద్దరమే ఉంటే మా ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు.

నా ప్రాజెక్టు ఒక ఇంటర్‌ప్రెటర్. శుద్ధ ఫంక్షనల్ అనే తరహా కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామును చదివి జవాబు తేల్చే సాఫ్ట్‌వేర్. ఆ భాషకు ఒకటే నిష్ఠ: ఒకే ప్రశ్నను ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు రావాలి. అందుకే మేడమ్ దేన్నీ ఒక్కసారి చూసి సంతకం పెట్టేవారు కాదు. "ఇంకో తూరి నడుపు అమ్మి" అనేవారు. నాదేమో రెండోసారి తప్పు చెప్పేది. మొదటి లెక్కలోని విలువ ఎక్కడో మిగిలిపోయి తర్వాతి లెక్కలో దూరేది. వారం వెతికినా దొరకలేదు. అమ్మ సాత్తూరు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసి చదివిస్తోంది. ఫస్ట్ క్లాసు వస్తేనే విరుదునగర్‌లో ఒక కంపెనీవాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. ఏం చేయను? పరీక్షనాడు ఎగ్జామినర్ ముందు ప్రతి లెక్కకూ, పాత విలువ చెరిగిపోయేలా ఇంటర్‌ప్రెటర్‌ను మూసి, మళ్లీ తెరిచి, ఒక్కొక్కసారే నడిపాను. సిగ్గుమాలిన పనే. ఆయన బాగుందని తలాడించారు.

అప్పుడు మేడమ్ మొదటిసారి అందరి ముందూ తెలుగులో మాట్లాడారు. ఆయనకు తెలుగు రాదు.

"నువ్వే సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

మూయకుండా రెండోసారి నడిపాను. తప్పు జవాబు వచ్చింది. ఫస్ట్ క్లాసూ పోయింది, ఉద్యోగమూ పోయింది. "మీరు ఊరకుంటే అయిపోయేది కదా మేడమ్" అని ఏడ్చాను. ఆమె పరీక్ష ముగిశాక కూడా మూడు రోజులు నా పక్కన కూర్చుని ప్రోగ్రాములో ఆ తప్పున్న వరుసను పట్టించారు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఆమె మొహం చూడలేదు. అంత మొండిదాన్ని.

ఆమెకు మతిమరుపు వచ్చిందని విని విరుదునగర్‌లో ఆమె చెల్లెలింటికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టారు.

"ఆ పొద్దు నా మీద కోపం వచ్చెనా అమ్మి?"

"వచ్చె మేడమ్. ఇప్పుడు లేదు."

నవ్వారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడే వచ్చినదాన్ని చూసినట్టు చూసి మళ్లీ అదే అడిగారు. కోపం రాలేదని చెప్పేయమని వెనకనుంచి చెల్లెలు సైగ చేసింది.

ఆ సాయంత్రం మేడమ్ నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ ఆ మొదటి జవాబే చెప్పాను.