ఉపవాసాల హాజరు పుస్తకం

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెలలో, రాజమండ్రిలో నేను పనిచేసే ఆసుపత్రివాళ్ళు నన్ను సర్జికల్ వార్డు నుంచి కీమో డే-కేర్‌కు ఇన్‌ఛార్జి సిస్టరుగా మార్చారు. ఎనిమిది కుర్చీలు, ఇద్దరు స్టాఫ్ నర్సులు, వాళ్ళ మీద నేను. పేషెంటు పొద్దున్నే రాగానే బరువు, బీపీ చూసి, పరీక్షకు రక్తం తీస్తాం. రిపోర్టు బాగుంటే డాక్టరుగారు సంతకం పెడతారు. ఆ సంతకం పడ్డాకే మందు కలుపుతాం. మోతాదు ఎత్తూ బరువుల లెక్క మీద ఉంటుంది కాబట్టి, బరువు చూడటం మొక్కుబడి పని కాదు.

నా నోరు మంచిది కాదని డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. రొమ్ము క్యాన్సర్ అని తెలిస్తే చాలు, చుట్టాలందరూ వైద్యులైపోతారు. ఒకరు గోధుమగడ్డి రసం అంటారు, ఇంకొకరు ఏదో ఊరి కషాయం అంటారు. నేను పేషెంట్ల సంచులు వెతికి మరీ ఆ సీసాలు బయట పెట్టించేదాన్ని. డాక్టరుగారిని అడక్కుండా ఆకు పసరైనా తాగడానికి వీల్లేదనేదాన్ని. ఈ విషయంలో నా అంత గట్టిదాన్ని నేనేనని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ నెలలోనే రత్నకుమారి వచ్చింది. మా ధవళేశ్వరంలో ఎలిమెంటరీ స్కూలు టీచరు, మా చర్చి సంఘంలోనే మనిషి. ఆపరేషను అయిపోయింది. మూడు వారాలకొకసారి కీమో, మొదటి నాలుగూ పేషెంట్లు ఎర్ర మందు అని పిలిచేది. ఒంట్లోకి వెళ్తుంటే చూడటానికే భయం వేస్తుంది. రెండోసారి ఎక్కించాక ఆమె బాగా డీలాపడిపోయింది. బడికి సెలవు, జుట్టు పోయింది, ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి.

అప్పుడు మా స్త్రీల సమాజంలో గొలుసు ఉపవాసం పెడదామన్నది నేనే. కీమోకీ కీమోకీ మధ్య ఇరవై ఒక్క రోజులు. ఇరవై ఒక్కమందిమి, రోజుకొకరు చొప్పున సాయంత్రం దాకా ఉపవాసముండి ఆమె కోసం ప్రార్థన చెయ్యాలి. రత్నం మాత్రం ఉండకూడదని అందరి ముందూ చెప్పాను. తేదీలు, పేర్లు రాసే పుస్తకం ఆమె చేతికే ఇచ్చాను. తన కోసం ఇంతమంది ఉన్నారని రోజూ కళ్ళారా చూసుకుంటుందని, చేతికి పని ఉంటుందని. ఎంత తెలివైన ఆలోచనో అనుకున్నాను!

మొదటి విడతలో ఒక్కరూ తప్పలేదు. రెండో విడత ఆగస్టులో పడింది. అప్పటికి నాట్లు మొదలయ్యాయి, కొందరికి జ్వరాలు. అయినా ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక పుస్తకం తిరగేస్తే ప్రతి పేరు పక్కనా టిక్కు ఉండేది. మా వాళ్ళు గట్టివాళ్ళేనని సంబరపడ్డాను. రెండు విడతలకూ మధ్య, మూడో కీమోకే ఆమె రెండు కిలోలు తగ్గింది. వాంతుల వల్లనేమోలే అని షీటులో రాసి ఊరుకున్నాను.

నాలుగో కీమో రోజు బరువు మెషీను మీద నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. మొదటి రోజుతో పోలిస్తే ఆరు కిలోలు తక్కువ. బీపీ అందడం లేదు. పరీక్షలో పొటాషియం బాగా పడిపోయి ఉంది, ఈసీజీలో గుండె లయ తప్పింది. ఎర్ర మందు అసలే గుండెకు పడదు. ఈ స్థితిలో అది ఎక్కించి ఉంటే మనిషి దక్కేది కాదేమోనని డాక్టరుగారు అన్నారు. సెలైను పెట్టిస్తూనే, ఎప్పుడు తిన్నదని ఆమె భర్త ప్రకాశరావుగారిని అడిగారు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు.

"నిన్నంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదండి. ఈ విడతలో ఇది తొమ్మిదో ఉపవాసం."

ఎవరు ఉండమన్నారని ఆయన మీదకు లేచాను. ఆయన నన్ను వింతగా చూశారు.

"పుస్తకంలో ఎవరి రోజు ఖాళీ పడితే ఆ రోజు తనుంటోందండి. మీకు తెలుసనుకున్నాను."

"సిస్టర్, ఈ సంగతి మీకు తెలుసా?" అన్నారు డాక్టరుగారు.

తెలియదండి అన్నాను. ఆమె సంచిలోంచి పుస్తకం తీశాను. నిన్నటి తేదీ ఎదురుగా ఉన్నది నా పేరు. దాని పక్కన శుభ్రంగా టిక్కు పెట్టి ఉంది.

ముందురోజు మా స్టాఫ్‌లో ఒకరి బదిలీకి విందు. నేను పులిహోర, బిర్యానీ, రెండు స్వీట్లూ తిన్నాను. పొద్దున్నే రత్నానికి ఫోను చేసి, ఇవాళ కుదరదు, ఏమనుకోకని చెప్పాను. పర్లేదక్కా అంది. నా ఆకలి ఆమె పడింది. ఆమె తెలివిలోకి వచ్చేదాకా ఆ గదిలోనే నిలబడ్డాను, కూర్చోవాలని కూడా తోచలేదు.

సాయంత్రానికి కళ్ళు తెరిచింది. తిట్టడానికి నాకు మొహం చెల్లలేదు. ఎందుకు చేశావు, ఆ టిక్కులేంటి అని మాత్రం అడిగాను.

"నా జబ్బు కోసం వాళ్ళంతా పస్తులుంటుంటే నేను ఒక్కపూట ఉండలేనా అక్కా? మీరు మానేశారని నలుగురికీ తెలిస్తే బాగోదు కదా."

డాక్టరుగారికి మొత్తం నేనే చెప్పాను, నా రోజు సంగతితో సహా. ఆయన కేసు షీటులో రాయమన్నారు. రాశాను. కీమో రెండు వారాలు వెనక్కి పోయింది, తగ్గిన బరువుకు మోతాదు మళ్ళీ లెక్కకట్టాం. గుండె లయ సర్దుకుంది. మిగతా కోర్సంతా ఆమె పూర్తిచేసింది, ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆదివారం సమాజంలో లేచి నా తప్పు చెప్పుకున్నాను. నాలాగే రోజు తప్పిన తక్కిన ఎనిమిదిమందీ తలలు దించుకున్నారు. గొలుసు ఆపేశాం. ప్రార్థన ఎవరిళ్ళల్లో వాళ్ళు చేసుకున్నారు.

ఆ తర్వాత కీమో ముందు అడిగే ప్రశ్నల కాగితంలో, డాక్టరుగారి అనుమతితో, రెండు ప్రశ్నలు చేర్చాను. మీ కోసం ఎవరెవరు ఏమేం చేస్తున్నారు? వాళ్ళు నొచ్చుకోకూడదని మీరేం చేస్తున్నారు? మొదటిదానికి అందరూ గబగబా చెప్పేవాళ్ళు. రెండోదానికి చాలామంది భర్త వైపో, అత్తగారి వైపో చూసి ఆగిపోయేవాళ్ళు. అందుకే ఆ ప్రశ్న అడిగేటప్పుడు వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోమనేదాన్ని.