పెద్ద డాక్టరుగారికి లేని జబ్బు లేదు

పెద్ద డాక్టరుగారికి లేని జబ్బంటూ లేదు. నిజానికి ఒక్క జబ్బూ లేదు, చిక్కంతా అక్కడే. ఎదుట కూర్చున్న రోగి ఏ బాధ చెప్పినా, చెప్పకపోయినా, ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, "నాకూ అంతే" అనేవారు.

ఆయన చూసేది హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సరు రోగుల్ని. ఎక్కువమంది మెడ పక్కన నొప్పిలేని గడ్డతో వస్తారు, నొక్కితే రబ్బరులా ఉంటుంది. ఇరవైల్లో ఉన్నవాళ్ళు వస్తారు, అరవై దాటినవాళ్ళు వస్తారు, మధ్య వయసువాళ్ళు కాస్త తక్కువ. గడ్డయితే పైకి కనిపిస్తుంది. వచ్చి పోయే జ్వరం, దురద, దుప్పటి పిండేంత చెమట, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి అడిగి తెలుసుకోవాలి. ఈయన అడగడం మానేసి తన గోడు వెళ్ళబోసుకునేవారు.

ఒకమ్మాయి వస్తే ఆయన లేచి, గేదె గుంజకు రాసుకున్నట్టు ద్వారబంధానికి వీపు రాసుకుంటూ, "ఈ దురదతో చస్తున్నానమ్మా" అన్నారు. ఆ పిల్ల జబ్బు నయమై వెళ్తూ, వీపు గోక్కోవడానికి పొడుగాటి చెక్క చెయ్యి ఒకటి ఆయనకు బహుమతిగా ఇచ్చింది. అది ఆయన గది గోడకి వేలాడుతోంది.

ఈ జబ్బున్న కొద్దిమందికి మద్యం తాగితే గడ్డ దగ్గర నొప్పి పుడుతుంది. ఒక లారీ డ్రైవరుతో, సోడా కంటే ఘాటైనది ఎరగని ఈ మహానుభావుడు, "రెండు గుక్కలు పడ్డాయంటే మెడ లాగేస్తుందయ్యా, మా ఇంట్లో చెప్పకు" అన్నారు. డ్రైవరు అరగంట మనసు విప్పి మాట్లాడాడు. ఆర్నెల్ల తర్వాత తనకు నయమయ్యాక వచ్చి, "నేనే మానేశాను సార్, మీరు మానలేరా?" అని నిలదీశాడు. పెద్ద డాక్టరుగారు తల దించుకుని, మానేస్తానని మాటిచ్చారు.

ఇదంతా పక్కన కూర్చుని చూసే చిన్న డాక్టరమ్మకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఆమె పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అడిగే మనిషి. వేరే ఆసుపత్రి పెద్దలు చూడడానికి వచ్చిన రోజు ఈయన సరిగ్గా ద్వారబంధానికి వీపు రాసుకుంటూ ఉన్నారు. వచ్చినవారిలో ఒకరు, ఆయన ఒంట్లో బాగాలేదా అని ఆమెను చాటుగా అడిగారు. భూమి చీలితే బాగుండుననిపించింది. దాచడమెందుకు, ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో ఆయన్ని అనుకరించి పదిమందినీ నవ్వించింది కూడా ఆమే.

ఒకరోజు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. పరీక్షలన్నీ అయ్యాయి, జబ్బేదో తేలింది. ఎన్ని విడతలు మందు ఎక్కించాలో మధ్యాహ్నం రెండింటికి జరిగే మీటింగులో ఆసుపత్రి పెద్దలు నిర్ణయిస్తారు. వాళ్ళు చూసేది చిన్న డాక్టరమ్మ నింపే కాగితాన్నే. జ్వరం, చెమట, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా జబ్బు దశ పక్కన 'బి' అని రాయాలి, ఏదీ లేకపోతే 'ఎ'. 'ఎ' అయితే మందు తక్కువ. ఉన్నదాన్ని లేదని రాస్తే జబ్బు మిగిలిపోవచ్చు.

చిన్న డాక్టరమ్మ హాజరు పిలిచినట్టు అడిగింది. ఆవిడా అలాగే లేదు, లేవు, లేదు అని జవాబిచ్చారు. మధ్యలో కోడలు నవ్వుతూ, అత్తగారికి ఈమధ్య శుభ్రం పిచ్చి పట్టిందనీ, తన దుప్పట్లు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తెల్లవారుతూనే ఉతికేసుకుంటున్నారనీ చెప్పింది. దానికి కాగితంలో గడి లేదు. చిన్న డాక్టరమ్మ 'ఎ' అని రాసి సంతకం పెట్టేసింది.

పెద్ద డాక్టరుగారు ఆ కాగితం చూశారు. తర్వాత ఆవిడ చేతి గడియారం చూశారు. దాని పట్టీకి, బిగించుకోవడానికి కొత్తగా ఇంకో చిల్లు పొడిచి ఉంది. ఏదో ఫారం తెమ్మని కోడల్ని కౌంటరుకు పంపి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఈవిడ దగ్గర కూడానా అని చిన్న డాక్టరమ్మ నేల చూపులు చూసింది.

"టీచరుగారూ, మీతో చెప్పొచ్చో లేదో. ఈ వయసులో నాకు పక్క తడుస్తోందండీ. మా ఆవిడ లేవకముందే దుప్పటి ఉతికి ఆరేసుకుంటున్నాను. మళ్ళీ పసిపిల్లాణ్ణయిపోయానేమోనని సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. తీరా చూస్తే అది చెమట."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు.

"చెమటకి అంత తడుస్తుందా అండీ?"

"నిలువునా."

"నేను రెండు నెలల్నించి కింద రబ్బరు షీటు వేసుకుంటున్నాను. కోడలికి తెలిస్తే ఏమనుకుంటుందోనని..."

కోడలు ఫారంతో తిరిగి వచ్చేసరికి ఆవిడ నిటారుగా కూర్చుని ఉన్నారు. తరగతి గది గొంతుతో, "అది చెమటట. రేపట్నించి నా దుప్పట్లు కూడా నువ్వే మెషిన్లో వెయ్యి" అన్నారు. సంగతేమిటో అర్థంకాకపోయినా కోడలు తల ఊపింది.

అత్తాకోడళ్ళు వెళ్ళగానే చిన్న డాక్టరమ్మ 'ఎ' కొట్టేసి 'బి' రాసింది. రెండు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి సిగ్గుపడింది. ఆ సిగ్గంతా ఇప్పుడు తిరిగి తన మీదికే వచ్చింది.

"సర్, తప్పు నాదే. కోడలి ముందే అడిగాను. ఉతుకుడు సంగతి చెప్పినా నాకు తట్టలేదు. అదొక్కటే కాదు, క్యాంటీన్లో మీలా చేసి అందర్నీ నవ్వించాను."

పెద్ద డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు.

"నాకూ అంతేనమ్మా. మొదటి ఏడాది నేనూ ఇలాగే రాశాను. మా సార్‌ని వెక్కిరించాను కూడా."

అది నిజమో, ఆయన జబ్బుల్లో ఇంకొకటో ఆమెకు తెలియలేదు. గుండె మీద బరువు మాత్రం దిగింది. అందుకని అడగలేదు.

తర్వాత వచ్చిన యువకుడు పొడుగు చేతుల చొక్కా గుండీలు బిగించుకుని, ఏ బాధా లేదంటూనే, బల్ల కింద మోచెయ్యి గోక్కుంటున్నాడు. చిన్న డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. లేచి, గోడకున్న చెక్క చెయ్యి అందుకుని, వీపు గోక్కుంటూ అంది:

"ఏంటోనండీ, ఈమధ్య నాకు ఒకటే దురద."