మ్యాంగనీసు కాదు, మెగ్నీషియం

మా నాయన కాలి బొటనవేలు కోయాల్సి వస్తుందేమోనని బళ్ళారి డాక్టరు అన్న రోజు నాకు పద్నాలుగేళ్ళు. వేలికి ముల్లు గుచ్చుకున్న సంగతే ఆయనకు తెల్దు. పుండు పడి చీము పట్టినాక అమ్మ చూసి కేకలు పెడితే, చిన్నాయనా నేనూ కలిసి ఆయన్ని సిరుగుప్పలో బస్సెక్కించినాము. నేనెందుకంటే, మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదివేది నేనొక్కదాన్నే.

డాక్టరు నాయన మూత్రంలో కొన్ని చుక్కలు నీలం మందులో కలిపి, గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచినాడు. చూస్తాండగానే నీలం పోయి ఇటుక రంగు వచ్చేసింది! నాకు భలే సరదా వేసింది. ఆ వెంటనే డాక్టరు మొహం చూసి సిగ్గేసింది.

"సక్కరె కాయిలె" అన్నాడాయన, చక్కెర జబ్బుకు మా పక్క అందరూ అనే మాటే. కట్టు కట్టి, మాత్రలు రాసిచ్చి, నెల గడువిచ్చినాడు. ఆ లోపల పుండు మానకుంటే వేలు తీసేయాల్సిందే. "మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యం మానుకో అప్పా. జొన్నరొట్టె, కొర్రన్నం, ఆకుకూరలు తిను. వాటిలో మెగ్నీషియం ఉండాది. ఒంట్లో చక్కెర ఖర్చు కావాలంటే అది కావల్ల" అన్నాడు.

ఎవరికి చెప్పినాడు చూడండి ఈ మాట! తుంగభద్ర కాలువ మా చేలకు రాకముందు వరి అన్నమంటే మాకు పండగే. కోస్తా నుంచి వచ్చి కాలువ పక్క క్యాంపులు వేసుకొని దిగిన రైతులు మూడు పూటలా తెల్లన్నం తింటాంటే మా నాయన కళ్ళప్పగించి చూసేవాడు. సొంత మడిలో వడ్లు పండినాక ఇంక ఆయన్ని పట్టేదెవరు? మిల్లులో ఒకటికి రెండుసార్లు పట్టించేవాడు. తవుడంతా పాలిచ్చే ఎనుముకు. "జొన్నలు తినే బతుకు ఆ కాలువలోనే కొట్టుకపోయింది" అని మీసం దువ్వేవాడు. అట్లాంటి మనిషిని మళ్ళీ జొన్నలు తినమన్నారు.

మా చిన్నాయన సండూరు గనుల నుంచి మ్యాంగనీసు రాయి తోలే లారీకి డ్రైవరు. మూడో రోజు ఇంటి ముందర గోనెసంచి ధబీమని దించినాడు.

"ఇదేందప్పా?" అనింది అమ్మ.

"డాక్టరు చెప్పిన మందే వదినా! మ్యాంగనీసు! నేను రోజూ మోసేదాన్నే ఆయనేదో పెద్ద దొరకని వస్తువు మాదిరి చెప్పినాడు."

అమ్మ మంచి రాళ్ళు ఏరి, తోమి కడిగి, తాగే నీళ్ళ కడవలో వేసింది. నాయన మొహం వెలిగిపోయింది. రాయి నీళ్ళు తాగితే చాలు, అన్నం మానే పనే లేదు!

"డాక్టరు చెప్పింది ఇది కాదు!" అని నేను ఎగిరెగిరి చెప్పినాను. ఆ ఏడాదే బడిలో సైన్సు సారు మెగ్నీషియం తీగ కాల్చి చూపించినాడు. అబ్బా, ఆ వెలుగు! గదంతా తెల్లగా మెరిసిపోయి, కళ్ళు చెదిరిపోయి, పిల్లలందరం ఒక్కసారి ఓహో అని అరిచినాము. "అది తెల్లగా మండుతాది చిన్నాయనా, ఇది నల్లరాయి!"

"గమ్మునుండు పాపా. మండే వస్తువును యాడన్నా తింటారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పది రోజులు గడిచినాయి. నాయన లోటాల కొద్దీ రాయి నీళ్ళు తాగినాడు, కుప్పలుగా తెల్లన్నం తిన్నాడు. పుండు ఇంకా పెద్దదై వాసన పట్టింది. డాక్టర్ను మళ్ళీ అడిగేదాకా ముద్ద ముట్టనని మొండికేసి కూర్చుంటే చిన్నాయన దిగొచ్చినాడు. నాయన మూత్రం సీసాలో పట్టి, గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకొని బస్సులో కూర్చున్నాను. పక్కన కూర్చున్నామె "నెయ్యా పాపా?" అని అడిగింది. నవ్వాపుకోలేక చచ్చినాను.

గొట్టంలో మళ్ళీ అదే ఇటుక రంగు. రాయి నీళ్ళ సంగతి వినగానే డాక్టరు ఇంతెత్తున లేచినాడు. తర్వాత కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేట్టు నవ్వినాడు. కాగితం మీద రెండు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి నా ముందర పెట్టినాడు. నేను గట్టిగా చదివినాను, మ్యాంగనీసు, మెగ్నీషియం. చిన్నాయన తల గోక్కున్నాడు.

"మీ తవుడు ఎవరు తింటారమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా ఎనుము సార్."

"ఎట్లుండాది?"

"నిగనిగలాడతాండాది సార్!"

"చూసినావా? గింజలోని మెగ్నీషియం ఆ తవుడుతోనే పోతాది. మంచిదంతా ఎనుముకు పెట్టి, మీ నాయన ఉత్త పిండిపదార్థం మింగుతాండాడు."

ఇంటికొచ్చిందే తడవు కడవ ఎత్తి రాళ్ళతో సహా దిబ్బలో వంపేసినాను. "ఎనుముకున్న భాగ్యం నీకు లేకపాయె నాయనా!" అని అరిచినాను. నాయన చెయ్యెత్తినాడు. నేను కదల్లేదు. చిన్నాయన అడ్డమొచ్చి, "తప్పు నాదే అన్నా, పాపే కరెక్టు" అన్నాడు. నాయన చెయ్యి మెల్లగా దిగింది.

ఆ పూట నుంచి జొన్నరొట్టె, తోటకూర పప్పు, నానబెట్టిన పెసలు. కానీ తలుపేసుకొని తినేవాడు. ఎవరన్నా పిలిస్తే రొట్టె పెట్టుకున్న తట్ట మంచం కిందికి తోసేసేవాడు. ఒకరోజు క్యాంపు రైతులు నలుగురు భోజనానికొచ్చినారు. అమ్మ అందరికీ మాదిరే ఆయన విస్తట్లోనూ తెల్లన్నం పెట్టింది. నాయన విస్తరి పక్కకు జరిపినాడు. నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. "పాపా, నాకు రొట్టె తీస్కరా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. పరిగెత్తిన పరుగుకు కొంగు తలుపు గొళ్ళేనికి తగులుకొని చిరిగింది.

ఒక్క మెగ్నీషియమే ఆయన్ని కాపాడిందని నేను చెప్పను. మాత్రలున్నాయి, రోజు మార్చి రోజు కట్టు మార్చిన అమ్మ చెయ్యి ఉంది. మెగ్నీషియం తక్కువైతే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చెయ్యదని ఈ కాలం డాక్టర్లు చెప్తాంటే మాత్రం నాకు కుర్చీలో నిలవబుద్ధి కాదు. మాకది ఆనాడే చెప్పినారు కదా, మేమే రాళ్ళు నానబెట్టుకున్నాము!

నెల తిరిగినాక డాక్టరు గొట్టం కాచినాడు. నీలం రంగు కొద్దిగా ఆకుపచ్చకు తిరిగి, అక్కడే ఆగిపోయింది. ఇంకా మారి ఇటుక రంగు అవుతుందేమోనని నేను రెప్ప వెయ్యలేదు. మారలేదు, చక్కెర శానా తగ్గింది. ఆయన కట్టు విప్పి, పుండు చుట్టూ ఒత్తి చూసి, "ఆరుతాండాది. కోసే పనిలేదు" అన్నాడు. నాయన రెండు చేతులూ ఎత్తి మొక్కినాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. నాయన చెప్పు విడిచి, కాలు మోకాలి మీదికి పెట్టుకున్నాడు. ఒక్కో వేలూ పట్టుకొని, "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." అని పైకే లెక్కపెట్టినాడు. బొటనవేలు పట్టుకొని ఆగిపోయినాడు. జనమంతా మా వైపే చూస్తాండారు. సిగ్గుపడల్లని కూడా నాకు తోచలేదు. ఆ ఐదో అంకె నేనే గట్టిగా అన్నాను.