కదిలే బండిలోనే తిట్లు

పాత కారేదైనా రోడ్డు మీద కనిపిస్తే కళ్ళజోళ్ళాయన చేతిలో పని ఆగిపోయేది. స్క్రూ బిగిస్తున్న ఫ్రేమును అలాగే పట్టుకుని షాపు గుమ్మం దాకా వచ్చి, ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి, "హు" అనేవాడు. ఆ "హు"కి అర్థం బజారు మొత్తానికి తెలుసు.

కార్లను ఆయన ముఖాల్లాగే చూసేవాడు. హెడ్‌లైట్లు గుండ్రంగా ఉంటే చదువుకున్న ముఖం. పలకలుగా ఉంటే గుమాస్తా ముఖం. ఇప్పటి కార్ల సన్నటి లైట్లు చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "అన్నీ కళ్ళు చికిలించుకుని పోతున్నాయి. ఒక్కదానికీ చూపు ఆనదనుకుంటా, నా దగ్గరికి తీసుకురండి" అనేవాడు.

ఆయన బాధ రెండు బళ్ళ గురించి. ఒకటి చేతికొచ్చింది వదులుకున్నాడు. రెండోది చేతిలో ఉన్నది అమ్ముకున్నాడు.

వదులుకున్నది డాక్టరుగారి బండి. మీగడ రంగు, పొడుగు ముక్కు, ముందు వెనకా తళతళలాడే బంపర్లు. డాక్టరుగారు ఊరు మారుతూ అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి, "నువ్వైతే బాగా చూసుకుంటావు, ఆ బండి తీసుకోవయ్యా" అన్నాడు. ఊరికే ఇచ్చినంత పని. ఈయన తల గోక్కుని, "ఆలోచించి చెప్తానండీ" అన్నాడు. ఆయన ఆలోచన తెమిలేసరికి ఆ బండిలో ఒక బేకరీవాడు రొట్టెలు మోస్తున్నాడు.

"నీ ఆలోచన పొయ్యి మీద పెడితే నీళ్ళు కూడా కాగవు బావా" అన్నాడు బావమరిది. బావమరిదికి టైర్ల దుకాణం. బావ మీద జోకు దొరికితే పంక్చరు పని కూడా పక్కన పెట్టేరకం.

డాక్టరుగారి బండి గురించి కళ్ళజోళ్ళాయన ఎవరికైనా చెప్పేవాడు, చెప్పి తనే ముందు నవ్వేవాడు. రెండో బండి సంగతి ఎత్తితే మాత్రం అద్దం తుడుచుకుంటూ కూర్చునేవాడు. మొదటిది ఆలోచిస్తూ కూర్చుని పోగొట్టుకున్నాడు. రెండోది ఆలోచించకుండా అమ్మేశాడు. పైగా అది ఆయన బండి కూడా కాదు, ఆయన భార్యది.

ఆయన భార్యను ఊరంతా బ్రేకమ్మ అంటుంది. కారు నడపడం నేర్పే బడి ఆవిడది. ఆవిడ పాఠాలు చెప్పిన బండికి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. శిష్యుడు గోడ మీదికి పోతుంటే ఆవిడ కాలు ఆ రెండో బ్రేకు మీద పడేది. ఎన్నో ఏళ్ళు అలా తొక్కీ తొక్కీ ఆ కాలికి అదే అలవాటైపోయింది. బస్సులో కూర్చున్నా, సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, తెరమీద ఏ బండైనా వేగంగా వస్తే ఆవిడ కుడికాలు నేలను గట్టిగా నొక్కేది.

ఆ బండి గుండ్రటి వీపుది, ముదురాకుపచ్చ రంగుది. ఇంట్లో దాన్ని కారు అనేవాళ్ళు కాదు. "పెద్దాయన" అనేవాళ్ళు. "ఇవాళ పెద్దాయన లేవనంటున్నాడు", "పెద్దాయనకి దగ్గొస్తోంది", "పెద్దాయనకి నీళ్ళు పోశారా?" ఇలా సాగేవి మాటలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ గదిలో మంచంపట్టిన ముసలివాడున్నాడోనని తొంగిచూసేవాళ్ళు.

పాఠం చెప్పడంలో బ్రేకమ్మకు ఒక పద్ధతి ఉంది. తిట్టడంలో ఆవిడకు ఊళ్ళో సాటి లేదు, కానీ కదిలే బండిలోనే తిట్టేది. బండి ఆగిందంటే తిట్టు కూడా ఆగేది. దిగి తలుపు వేశాక, "రేపు టైముకి రా నాన్నా" అనేది తేనె పూసినట్టు. ఎందుకలాగని ఎవరో అడిగితే చెప్పింది: "కదిలే బండిలో తిట్టు కాలికి తగులుతుంది. కాలు దారికొస్తుంది. ఆగిన బండిలో తిడితే మనసుకి తగులుతుంది. మనసుకి తగిలితే మర్నాడు రాడు."

ఆ పద్ధతి ఇంట్లోనూ ఉండేది. నిలబడ్డ నేల మీద ఆవిడ నోట గట్టిమాట వచ్చేది కాదు. ఇక కళ్ళజోళ్ళాయనకు నడపడం రాదు. డ్రైవింగ్ బడి పెట్టిన మనిషి మొగుడై ఉండి స్టీరింగు ముట్టలేదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ రమ్మంటే, "ఊళ్ళోవాళ్ళంతా నీ చేత తిట్లు తింటున్నారు, ఇంట్లో ఒక్కడైనా మిగలొద్దూ" అని తప్పించుకున్నాడు. అలా కాపురం మొత్తం మీద ఆయన ఒక్క తిట్టూ తినలేదు. దాన్ని అదృష్టమనే అనుకున్నాడు, పెద్దాయన్ని అమ్మేదాకా.

మరీ పాత బళ్ళలో పాఠాలు చెప్పకూడదని ఒక రూలు వచ్చింది. బ్రేకమ్మ కొత్త బండి కొని, పెద్దాయన్ని ఇంటి పక్క రేకుల షెడ్డులో నిలబెట్టింది. వారానికొకసారి స్టార్ట్ చేసి, కాసేపు ఆ చప్పుడు విని, ఆపేసేది. ఒకరోజు ఆవిడ శిష్యులతో లైసెన్సు పరీక్షకు వెళ్ళింది. అదేరోజు షాపుకు వచ్చిన ఒకతను మాటల్లో మాటగా, పాత బండేదైనా ఉందా అని అడిగాడు. ఉన్న బండిని దుమ్ము కొట్టుకుపోనివ్వడం ఎందుకు, ఆవిడకు బరువు దింపినవాణ్ణవుతాను అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. డాక్టరుగారి బండి దగ్గర నాన్చి చెడిపోయాడు కదా, ఈసారి చురుగ్గా ఉందామనుకున్నాడు. సాయంత్రానికి షెడ్డు ఖాళీ.

బ్రేకమ్మ వచ్చింది. షెడ్డులో నేలమీద నూనె మరక ఒక్కటే ఉంది. కాసేపు చూసింది.

"సరేలెండి. చేతులు కడుక్కోండి, భోజనం వడ్డిస్తాను" అంది.

అంతే. ఆ మర్నాడు పొద్దున మాత్రం ఆవిడ మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకోవడం పక్కింటి పిన్నిగారు చూసింది. పిన్నిగారు ఆ పక్కింట్లోకి మారి ఎన్నాళ్ళో కాలేదు.

"ఏమైందమ్మా?"

"పెద్దాయన వెళ్ళిపోయాడు పిన్నిగారూ."

పిన్నిగారు గుండె పట్టుకుంది. పోయి వీధిలో నలుగురికీ చెప్పి, ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని, ముఖం వీలైనంత దిగాలుగా పెట్టుకుని వచ్చి తలుపు కొట్టింది. తలుపు తీసింది కళ్ళజోళ్ళాయన.

పిన్నిగారి చేతిలో ఫ్లాస్కు కిందపడింది. వెనకాల వచ్చినవాళ్ళలో ఒకడు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ వీధిలో ఆయనకు "తిరిగొచ్చినాయన" అని ఇంకో పేరు పడింది. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా, "ఏమండీ తిరిగొచ్చినాయనగారూ, అక్కడ కళ్ళజోళ్ళు దొరుకుతాయా?" అని అడిగేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

నవ్వులన్నీ అయ్యాక ఇంటికొస్తే షెడ్డులో ఆ మరక ఉండేది. బ్రేకమ్మ అక్కడ పూలకుండీలు పెట్టింది, మరక మీద తప్ప. తిడితే బాగుండేది. పళ్ళెం విసిరినా బాగుండేది. ఆవిడ కూర ఇంకాస్త వేసేది. "ఎవడి దగ్గరుందో కనుక్కుంటాను, తిరిగి తెస్తాను" అని ఆయన రెండు మూడుసార్లు అన్నాడు. "సరేలెండి" అంది ప్రతిసారీ. ఆ సరేలెండి ఆయన చెవిలో ఇసుకరేణువులా కూర్చుంది. వెతికాడు. కొన్నవాడు ఇంకెవరికో అమ్మాడట. ఆ ఇంకెవరో ఊరొదిలి వెళ్ళాడట. ఏళ్ళు గడిచాయి. బ్రేకమ్మ బడి మూసేసింది. రోడ్డు మీద గుండ్రటి వీపు కనిపిస్తే "హు" మాత్రం మిగిలింది.

ఒకరోజు బావమరిది షాపులోకి వచ్చి కౌంటరు మీద ఫోను పెట్టాడు.

"బావా, కళ్ళజోడు పెట్టుకుని చూడు. మనవాళ్ళ పిల్ల పెళ్ళి ఫొటో."

పెళ్ళికూతురు తెల్లటి కారు ముందు నిలబడి నవ్వుతోంది. కారు గుండ్రటి వీపుది.

"పెళ్ళికూతుర్ని కాదు బావా, పెద్దాయన్ని చూడు."

"ఇది తెలుపు కదరా."

"ముసలాళ్ళకి జుట్టు తెల్లబడదా?"

పాత మిల్లు ఆవరణలో ఒక ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిజంటలు ఆ బండికి ఆనుకుని ఫొటోలు దిగుతారట. కళ్ళజోళ్ళాయన షాపు షట్టరు సగం దించి ఆటో ఎక్కాడు.

స్టూడియోవాడు మంచి ఉషారైన మనిషి. తలుపు తీసి చూపించాడు. కళ్ళజోళ్ళాయన ముందుగా హెడ్‌లైట్లు చూశాడు. అదే ముఖం. తరవాత డ్యాష్‌బోర్డు మీద వేలు పెట్టి తడిమాడు. పక్క సీటుకు ఎదురుగా సన్నటి సొట్టలు, చిల్లర రాల్చినట్టు బోలెడున్నాయి. గేరు మార్చమని చెప్పడానికి బ్రేకమ్మ తాళంచెవుల గుత్తితో అక్కడే టకటకా కొట్టేది. వంగి కింద చూశాడు. రెండో బ్రేకు లేదు. అది ఉన్నచోట రేకుముక్క అతికించి ఉంది.

"అమ్ముతావా?" అన్నాడు లేచి నిలబడి.

"వేరేవాళ్ళకైతే ఇవ్వనండీ. బ్రేకమ్మగారి ఇంటికైతే ఎందుకివ్వను? నేనూ దీంట్లోనే నేర్చుకున్నా. మా అమ్మ కూడా నన్నన్ని మాటలు అనలేదు." స్టూడియోవాడు నవ్వాడు. "ఇవాళే తోలుకెళ్ళి షెడ్డులో పెట్టేద్దామా? మేడంగారు చూసి అదిరిపోవాలి."

కళ్ళజోళ్ళాయన సరే అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లో ఆ పాత సాయంత్రం అడ్డం పడింది. ఖాళీ షెడ్డు చూసి అదిరిపోయింది కూడా ఆవిడే.

"కాదు," అన్నాడు. "అడిగి చెప్తాను."

ఇంటికి వెళ్ళేసరికి బ్రేకమ్మ బట్టలు మడతపెడుతోంది. ఆయన నిలబడే చెప్పాడు. ఎక్కడుందో, ఏ రంగులో ఉందో, రెండో బ్రేకు లేదనీ చెప్పాడు. "కొందామా వద్దా, నువ్వు చెప్పు. నేనేం మాట ఇవ్వలేదు."

ఆవిడ మడతపెట్టిన తువ్వాలును విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"మీరు నన్ను అడుగుతున్నారా?" అంది, నమ్మనట్టు.

"అడుగుతున్నా."

"అయితే పదండి, చూద్దాం."

బావమరిది కూడా వెంటపడ్డాడు. టైర్లు చూడాలన్నాడు గానీ, అక్కాబావల తమాషా వదులుకోవడం అతనికి ఇష్టంలేదు.

బ్రేకమ్మ బండి చుట్టూ ఒక్కసారి తిరిగింది. అద్దం మీద కట్టిన ప్లాస్టిక్ పూలు పీకి స్టూడియోవాడి చేతిలో పెట్టింది. బానెట్ ఎత్తి చూసింది. స్టీరింగు కదిపి, "వదులైపోయింది, ఆట ఎక్కువైంది" అంది. తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు విని, మళ్ళీ ఒకసారి తీసి వేసింది.

"తీసుకెళ్ళండి మేడం" అన్నాడు స్టూడియోవాడు.

"తీసుకెళ్ళి ఏం చెయ్యను నాన్నా? మళ్ళీ షెడ్డులో నిలబెట్టి వారానికోసారి దగ్గించనా? ఇక్కడ రోజుకో పెళ్ళికూతురొస్తోంది, ఆయనకిక్కడే బాగుంది. ముందు ఈ మైదానంలో ఒక రౌండు తిప్పుకోనీ."

స్టూడియోవాడు తాళం ఇచ్చాడు. బ్రేకమ్మ దాన్ని మొగుడి వైపు చాచింది.

"నేనా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"మీరే. అమ్మడం తెలుసు కదా, నడపడం కూడా తెలుసుకోండి."

"బావా, ఇన్సూరెన్సు ఉందా?" అని అరిచాడు బావమరిది దూరం నుంచే.

ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆవిడ పక్క సీట్లో, ఎన్నో ఏళ్ళు కూర్చున్నచోటే కూర్చుంది. మొదటిసారి బండి కప్పలా గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆవిడ మాట్లాడలేదు. మూడోసారి పెద్దాయన గట్టిగా ఒకసారి దగ్గి, కదిలాడు.

కదిలాడో లేదో, డ్యాష్‌బోర్డు మీద తాళంచెవుల గుత్తి టకటకలాడింది. ఈసారి ఇంటి తాళాల గుత్తి.

"క్లచ్ మీద కాలు పడుకోబెట్టకండి! అదేమన్నా మీ ఇంట్లో పీటా? ముందు చూడండి, నా ముఖం కాదు! ఊరంతటికీ చూపు బాగుచేస్తారు, ఎదురుగా గోడ కనపడదా? తిప్పండి! ఇంకా తిప్పండి!"

ఆవిడ కుడికాలు అతికించిన రేకును దబదబా తొక్కుతోంది. అక్కడ బ్రేకు లేదు. గోడ పక్కకు జరిగింది. స్టూడియోవాడి పూలకుండీ ఒకటి జరగలేక పగిలింది.

"గేరు! గేరు మార్చండి! నా బండి అది. నా బండిని నన్నడక్కుండా అమ్మేస్తారా? ఒక్క మాట, ఒక్క మాట అడిగారా? నేను ఆ పిల్లలతో పరీక్ష దగ్గర ఎండలో నిలబడితే, మీరు ఇక్కడ... ఎడమకి, ఎడమకి! ఎడమంటే ఏ చెయ్యో కూడా తెలీదా? వారానికోసారైనా దాని చప్పుడు వినకపోతే నాకు నిద్ర పట్టేది కాదు, తెలుసా మీకు?"

కళ్ళజోళ్ళాయనకు అద్దాలు మసకబారాయి. తుడుచుకోవాలనీ, ఆవిడవైపు తిరిగి ఒక మాట చెప్పాలనీ కాలు బ్రేకు మీదికి తీసుకెళ్ళాడు.

"ఆపకండి!" అంది బ్రేకమ్మ. "ఆపితే ఇంక నేనేం అనలేను."

ఆయన కాలు వెనక్కి తీశాడు. మిల్లు గోడ వెంట, పాత గోదాముల వెంట, నోరు తెరుచుకుని నిలబడ్డ స్టూడియోవాడి ముందునుంచి, పొట్ట పట్టుకుని నవ్వుతున్న బావమరిది ముందునుంచి పెద్దాయన మెల్లగా ఊగుతూ వెళ్ళాడు. బయల్దేరిన చోటికి వచ్చారు. ఆవిడ ఊపిరి తీసుకుంది. తాళాల గుత్తితో డ్యాష్‌బోర్డు మీద ఒక్కటిచ్చింది.

"ఇంకో రౌండు తిప్పండి" అంది. "ఇంకా చాలా ఉంది."