క్యారెట్ లేని పాకెట్

విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్ తన పెళ్లి కాగితాల మీద చదవకుండానే సంతకం పెట్టాడట. ఫెర్రెట్ల మాంసం పాకెట్ మీద రాసింది మాత్రం భూతద్దం పెట్టి, అక్షరం పొల్లుపోకుండా, పైకి చదివితే గానీ వదలడు. అదీ పెంపుడు జంతువుల తిండి అమ్మే నా కొట్లో, ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి, కరెంటు బిల్లు వాళ్ల తాత కడుతున్నట్టు.

ఫెర్రెట్ అంటే చూడ్డానికి ముంగిస, పెంకితనంలో పిల్లికి అక్క. మా హాలిఫాక్స్ ఊళ్లో ముసలాళ్లకు మనవల కన్నా ముద్దు. దానికి మాంసం తప్ప మరొకటి అరగదు. కంపెనీలవాళ్లు పచ్చి మాంసం, ఎముక, గుండె, కాలేయం కలిపి రుబ్బి, గడ్డకట్టించి అమ్ముతారు. విల్ఫ్‌కి ఆ కంపెనీలన్నిటి మీదా పాతకక్షలే.

"బెరిల్, ఎముక నూటికి పదిపాళ్లట, బాగుంది. కాలేయమెంత?"

"అక్కడే రాసుంటుంది, చూడు."

"'లోపలి అవయవాలు' అని రాశాడు. ఏ అవయవాలు? మెదడైతే కాదు. ఉంటే ఇలా రాయడు."

చిలక్కి గింజలు కొనడానికి వచ్చిన చర్చి ఫాదరుగారిని ఆపి, ఫెర్రెట్ గుండెకు ఏం కావాలో ముప్పావుగంట బోధించాడు. పాపం, ఆయన గింజలు మర్చిపోయి వెళ్లారు. మర్నాడు చిలకే తిట్టి పంపిందేమో, మళ్లీ వచ్చారు.

ఒక శుక్రవారం ఈనిడ్ సగ్డెన్ వచ్చింది. మొగుడు క్లిఫర్డ్ పోయాక ఆమెకు మిగిలింది చాలీచాలని పింఛను, అతను పెంచిన డచెస్ అనే ఫెర్రెట్. అన్నిటికన్నా చవకైన పాకెట్ తీసింది. విల్ఫ్ భూతద్దం ఊరుకుంటుందా?

"క్యారెట్! ఇది కుక్కల తిండి, ఈనిడ్. పైగా అసలు తిండితో పాటు కలిపి పెట్టేదే గానీ పూర్తి ఆహారం కాదు. నీది ఫెర్రెట్టా, కుందేలా?"

"నా ఫెర్రెట్ నా ఇష్టం. నీ సలహా అడిగానా?"

"దాని వెనక కాళ్లు వణుకుతున్నాయి, మొన్న చూశాను. ఇలాగే పెడితే శీతాకాలం దాటదు."

ఈనిడ్ ముఖం పాలిపోయింది. అయినా అదే పాకెట్ కొనుక్కుని వెళ్లిపోయింది. నాకు విల్ఫ్ మీద ఒళ్లు మండింది. ఆమెకు సాయమంటే కిట్టదు, క్లిఫర్డ్ అంత్యక్రియలకు ఇరుగుపొరుగు పట్టుకొచ్చిన కేకులే తిప్పి పంపిన మనిషి.

మర్నాడు విల్ఫ్ ఆ చవక పాకెట్లే పది కొన్నాడు.

"మతి పోయిందా?"

"మా వీధి కుక్కకు క్యారెట్ ఇష్టం. నువ్వు నోరు మూసుకుని కత్తెర ఇవ్వు."

అప్పటినుంచి ప్రతి గురువారం నా కొట్టు వెనకగదిలో ఇదే తంతు. మంచి మాంసం గడ్డ కరిగేలోపు దాన్ని ఖాళీ చేసిన చవక సంచీలోకి దూర్చి, మూతి మళ్లీ అంటించేవాడు. ఆ పాకెట్లు ఈనిడ్‌కి తప్ప ఎవరికీ ఇవ్వకూడదని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. కొత్త సంచీ వచ్చిన ప్రతిసారీ దానిమీద రాసింది కూడా చదివి తిట్టేవాడనుకోండి.

వసంతంలో ఫెర్రెట్ల పోటీ జరిగింది. డచెస్ నిగనిగలాడుతూ జడ్జీల బల్లంతా గంతులేసి రెండో బహుమతి కొట్టేసింది. ఈనిడ్ నేరుగా విల్ఫ్ దగ్గరికొచ్చింది.

"చూశావా? నా చవక పాకెట్‌తోనే!"

విల్ఫ్ నోరు తెరిచాడు, మూశాడు. నలభై ఏళ్లలో అతను మాంసం గురించి మాట్లాడకపోవడం అదే మొదలు. నాకైతే డాక్టర్ని పిలవాలనిపించింది.

"మంచి పాకెటే," అన్నాడు చివరికి.

ఈనిడ్ తన సంచీలోంచి, గుడ్డలో చుట్టిన, మాంసం కూరి కాల్చిన రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది. "ఆరునెలలుగా ఒక్క క్యారెట్ ముక్క కనబడలేదు. నాకు కళ్లు లేవనుకున్నావా, మొద్దూ?"

రొట్టె మీద ఆమె చేత్తో రాసిన చీటీ ఉంది: గొడ్డుమాంసం అరవై పాళ్లు, ఉల్లిపాయ ఇరవై, పిండి ఇరవై, క్యారెట్ లేదు.

విల్ఫ్ ముక్కు ఎగబీల్చి, భూతద్దం తీసి, చీటీని రెండుసార్లు చదివాడు.

"ఉప్పు ఎంతో రాయలేదేం?"