అబూ సమ్రా దారిలో తాగకూడని గహ్వా

"అన్నా, ఒంటెల్ని ఇప్పుడు అరుపును బట్టి గుర్తుపడుతున్న," అని మా తమ్ముడు లచ్చయ్య ఫోన్లో అన్నాడు. అందుకే వెళ్లాను. లేకపోతే ఆ దిక్కున చూడాల్సిందేమీ లేదు, ముందే చెబుతున్నా. నేను దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఇరవై రెండేళ్లుగా హౌస్ డ్రైవర్ని. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. లచ్చయ్య సౌదీ సరిహద్దు దగ్గర, ఎడారి అరబ్బులైన బద్దూల ఊళ్లో ఒంటెలు కాస్తాడు. వాడి పాస్‌పోర్టు వాళ్ల పెద్దాయన దగ్గరే ఉంది. కంటి ఆపరేషన్‌కు వాడిని ఇంటికి పంపమని ఆయన్ని అడగాలి.

శుక్రవారం పొద్దున ఐదింటికి బయలుదేరాం. యజమాని కారు సొంత పనికి తీయకూడదు; మాట్లాడుకున్న పఠాన్ డ్రైవర్ రానుపోను రెండు వందల యాభై రియాళ్లు తీసుకున్నాడు. సల్వా రోడ్డు మీద గంటన్నర, అబూ సమ్రా చెక్‌పోస్టు రాకముందే ఎడమకు తిరిగి ఇసుకలో అరగంట. "చాచా, అక్కడేముంది? మాఫీ, ఏమీ లేదు!" అని వాడు నవ్వాడు. నిజమే. పది గుడారాలు, రేకుల షెడ్లు, ఒక నీళ్ల ట్యాంకరు. సౌదీ వాళ్లు సరిహద్దు మూసిన ఏడాది ఒంటెలు నీళ్లు లేక చచ్చాయట. మళ్లీ ఎప్పుడు మూస్తారోనని కొత్త కాపరి ఎవడూ అటు రాడు.

పెద్దాయన కంబళి మీద కూర్చోబెట్టాడు. గహ్వా, అదే వాళ్ల కాఫీ, పోసింది లచ్చయ్యే. కప్పు అంచున బొటనవేలు పెట్టి, వేడి తగిలేదాకా పోశాడు. కాలిన వేలును చొక్కాకు తుడుచుకున్నాడు. చూడలేకపోయాను. వాడు పోసింది వృథా కాకూడదని గటగటా తాగాను. మూడు కప్పులు. ఆ తర్వాత అడిగాను.

పెద్దాయన తల దించుకున్నాడు. "తాగేశావు కదా. తాగకుండా కప్పు కింద పెట్టి అడిగి ఉంటే, కాదనడానికి నాకు నోరు ఉండేది కాదు. అది మా కట్టుబాటు. ఇప్పుడు నా మందను చూసుకోవాలి. చలికాలం పోనీ."

"అప్పటికి వాడికి కళ్లుండవు," అంటూ వంగాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. లచ్చయ్యకు అది కనిపించలేదు, అదొక్కటే నయం.

కారు దాకా వాడే వచ్చాడు, నా భుజం పట్టుకుని.

"ఎందుకు తాగినవే? ఇప్పుడన్న కింద పెడ్తవేమోనని మూడుసార్లు పోస్తి."

"ఫోన్ల చెప్పొద్దార?"

"నీకు తెల్వదనుకోలె. దోహా అంతా నాకెరుకేనంటివి గదనే!"

ఇరవై రెండేళ్లు వాళ్ల కార్లు తోలాను గానీ, వాళ్లు అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గుమ్మం దాటి ఒక్కనాడూ కూర్చోలేదు. నాకెవరు చెబుతారు? అయినా అది సాకే. తమ్ముడి చూపు నేనే తాగేశాను.

అటు వెళ్లేవాళ్లు నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. ఏదైనా అడగడానికే వెళితే మాత్రం, కప్పు అందుకుని కింద పెట్టండి. పోసింది సొంత తమ్ముడైనా, సరేనన్న మాట వచ్చేదాకా తాగకండి.