ఎండ లేని మూడు ఫోటోలు

పుష్పావతి కళ్ళకు తప్పులు తప్ప వేరే కనబడవని ఇంట్లో పేరు. ఆ మాట నిజమే. బొమ్మనహళ్ళిలోని ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళుగా ఆమె చెకర్. లైను చివర బల్ల దగ్గర నిలబడి, కుట్టి వచ్చిన ప్రతి చొక్కానూ తిరగేసి, కుట్టు తప్పిన చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం ఆమె పని. బాణం పడిన చొక్కా ఆల్టర్‌కని, అంటే సరిచేయడానికి, వెనక్కి పోతుంది. పడనిది పెట్టెలోకి, అక్కడినుంచి ఓడలోకి పోతుంది. చొక్కా మెడ దగ్గర ఎవరిదో పేరుంటుంది. కుట్టినవాళ్ళ పేరు గానీ చూసినవాళ్ళ పేరు గానీ ఎక్కడా ఉండదు.

అలాంటి మనిషికి నలభై మూడేళ్ళ వయసులో ఫోటోల పిచ్చి పట్టింది. కూతురు సహన కొత్త ఫోను కొనుక్కుని పాతది తల్లి చేతిలో పెట్టింది, అంతే. కొళాయి దగ్గర బిందెల వరుస, మలుపులో పూలు కట్టే ముసలమ్మ వేళ్ళు, కంపెనీ వ్యాను అద్దం మీద ఎవరో వేలితో గీసిన ముగ్గు, ఏదీ వదల్లేదు. కూర మాడినా సరే, ముందు మాడిన గిన్నెను ఫోటో తీసి ఆ తర్వాత దించేది.

వీధి చివర గ్రంథాలయం గోడ మీద ఒక మహిళా సంఘం వాళ్ళు కాగితం అంటించారు. ఫోటోల పోటీ. సరదాకు తీసేవాళ్ళకు మాత్రమే. అంశం ‘నా పనిదినం’. మూడు ఫోటోలు పంపాలి. గెలిచినవాటిని గోడంత పెద్దవి చేసి, కింద తీసినవాళ్ళ పేరు, పనిచేసే చోటు రాసి, వారం రోజులు హాల్లో పెడతారట. పుష్పావతి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. బహుమతి ఏమిటో కూడా చూడలేదు. గోడ మీద తన పేరు ఉంటుందన్న ఒక్క ముక్క ఆమెను పట్టుకుంది.

గడువు సోమవారం. ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు చాప పరిచి కూర్చున్నారు. ఫోనులో చూస్తే తేలదని సహన ఇరవై ఫోటోలు అచ్చువేయించి తెచ్చింది. పుష్పావతి సంచిలోంచి బాణాల పట్టీ తీసింది.

“బిందె అంచు తెగిండాది. ఆల్టర్. ఈ ముసలమ్మ ముక్కు మసకగా ఉండాది. ఆల్టర్.”

అరగంట గడిచేసరికి ఇరవైకీ బాణాలు పడ్డాయి.

“అమ్మా, ఇవి చొక్కాలు కాదే!” అని సహన పడీ పడీ నవ్వింది. అన్నీ మళ్ళీ వరుసగా పేర్చి చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. “అమ్మా, అసలైన తప్పు నువ్వు పట్టనేలేదు. ఒక్కదాంట్లో గూడా ఎండ లేదు చూడు.”

పుష్పావతి చూసింది. వీధి దీపాలు, వ్యాను లైట్లు, పొయ్యి మంట ఉన్నాయి. ఎండ మాత్రం ఎక్కడా లేదు. ఎక్కడినుంచి వస్తుంది? తెల్లారీ తెల్లారకముందే పని మొదలు. వ్యాను దిగగానే గేటు దగ్గర ఫోను పెట్టెలో వేయాలి. చేతికి తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతుంది. ఆదివారం ఎండ ఉంటుంది, నిజమే, కానీ అది పనిదినం కాదు. ఇన్నేళ్ళ తన పగలు ఎవరి దగ్గరుందో ఆ చాప మీద ఆమెకు మొదటిసారి తెలిసింది.

“ఒకటి ఉండాది,” అంది చివరికి.

ఇరవయ్యొకటో ఫోటో, అచ్చువేయించనిది, ఫోనులోనే ఉంది. పోయిన నెల వాన రోజున గేటు దగ్గర తోపులాటలో, టిఫిన్ గుడ్డ కింద ఫోను మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర తనిఖీ చేసే గార్డు బేబీ కూడా చూడలేదు. మధ్యాహ్నానికి వాన వెలిసింది. కప్పు రేకులో చిల్లు ఒకటుంది. ఒంటిగంటకు దాంట్లోంచి అప్పడమంత ఎండ పడుతుంది. అందరూ భోజనానికి పోయాక, లైను చివరి మిషనులో కుట్టే పక్కింటి కాత్యాయని, ఆ మిషను మీద పడిన ఎండలో చెయ్యి చాపి కూర్చుంది. చలి కాచుకుంటున్నట్టు. పుష్పావతి ఒక్కసారి నొక్కింది. ఆ ఫోటోలో ఎంత వెతికినా బాణం పెట్టే చోటు లేదు.

అది పంపితే లోపల ఫోను వాడినట్టు తానే రాసిచ్చినట్టు, పని పోతుంది. పంపకపోతే పంపదగ్గది ఇంకొకటి లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే.

“నా పేరుతో పంపుతా,” అంది సహన.

“నీ పేరెందుకే? నాది కదా!” తల్లి గొంతు అంత గట్టిగా రావడంతో సహన ఫోను చాప మీద పెట్టేసింది.

కాత్యాయనిని పిలిచి చూపించారు.

“చెయ్యే కదక్కా, పంపు. నా చెయ్యి నా మొగుడే గుర్తు పట్టడు,” అని నవ్వింది. తర్వాత ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. సూది దిగి రెండుగా చీలిన చూపుడువేలి గోరు అందులో స్పష్టంగా ఉంది. ఆ గోరు తెలియనివాళ్ళు ఫ్యాక్టరీలో లేరు.

“శానా బాగుండాది,” అంది మెల్లగా. “పంపొద్దక్కా.”

పుష్పావతి బాణాలున్న ఇరవైలోంచి మూడు ఏరింది. ఏ మూడో సరిగా చూడను కూడా లేదు. సహన ఫోనులో అవే వెతికి పంపింది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, గేటు దగ్గర వరుసలో ఉండగా సంఘం నుంచి మెసేజి వచ్చింది. ‘మీ చూపు బాగుంది. కానీ మూడు ఫోటోలూ చీకటిగా ఉన్నాయి. ఇకమీదట పగటిపూట, మంచి వెలుతురులో తీయడం అలవాటు చేసుకోండి.’

ఆమెకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

“ఫోను వెయ్యక్కా, లైను నిలబడిపోయింది,” అంది బేబీ పెట్టె చాపుతూ. పుష్పావతి వేసింది.

ఆ నెల పొద్దు దారి మారి, ఒంటిగంట ఎండ కాత్యాయని మిషను దాటి పుష్పావతి బల్ల మీద పడుతోంది. ఆ రోజు పడగానే చొక్కా పక్కకు జరిపి, ఎర్ర బాణం తీసి సరిగ్గా ఆ ఎండ అంచున అంటించింది. ఇక్కడుంది చూడండి, అన్నట్టు.

భోజనాలై అందరూ తిరిగొచ్చారు. సూపర్వైజర్ మునిరాజు వచ్చి బల్ల వైపు చూశాడు.

“ఏందమ్మా, ఒట్టి బల్లకు బాణమేసినావు? ఏం తప్పుండాది ఆడ?”

పుష్పావతి చూసింది. ఎండ ఎప్పుడో జరిగిపోయింది. బాణం ఒక్కటే ఖాళీ బల్లను చూపిస్తూ ఉంది.

“ఏం లేదు సార్,” అంది. “నాదే తప్పు.” గోటితో గీకి బాణాన్ని తీసేసి, తర్వాతి చొక్కా అందుకుంది.